పాత ఐపాడ్ వీడియోకు కొత్త బ్యాటరీ: విప్పడం నుంచి మూయడం వరకు సమగ్ర మార్గదర్శి

ఆపిల్ సంస్థ 2005 అక్టోబరులో విడుదల చేసిన ఐదో తరం ఐపాడ్‌ను చాలామంది ‘ఐపాడ్ వీడియో’ అనే పిలుస్తారు. అమెరికా నుంచి బంధువులు తెచ్చి ఇచ్చినదో, మొదటి జీతంతో కొనుక్కున్నదో, ఏదో ఒకటి ఇప్పటికీ బీరువాలో భద్రంగా ఉన్న ఇళ్లు మన దగ్గర ఉన్నాయి. సీడీల నుంచి ఓపికగా ఎక్కించుకున్న ఘంటసాల పాటలూ, బాలమురళీకృష్ణ కచేరీలూ అందులో అలాగే ఉండిపోయి ఉంటాయి. తీగ తగిలించినంతసేపు పాడి, తీగ తీయగానే ఆగిపోయే ఐపాడ్‌ను పాడైపోయిందని పక్కన పెట్టేయనవసరం లేదు. ఎక్కువ సందర్భాల్లో అరిగిపోయింది బ్యాటరీ ఒక్కటే. దాన్ని ఇంట్లోనే మార్చుకోవచ్చు.

ఈ పనిలో మరలు విప్పడం లేదు, టంకం వేయడం అసలే లేదు. ఉన్నవల్లా ఒక లోహపు వెనుక డొప్ప, రెండు సన్నని రిబ్బన్ కేబుళ్లు (పట్టీలా చదునుగా ఉండే తీగలు), జిగురుతో అతికించిన ఒక బ్యాటరీ. అయినా ఇంట్లో విప్పిన ఐపాడ్‌లు కొన్ని మళ్లీ పనిచేయకుండా పోతాయి. అందుకు కారణం సాధారణంగా బ్యాటరీ కాదు; డొప్ప ఊడిన క్షణంలో రెండు సగాలనూ పుస్తకం తెరిచినట్టు ఒక్కసారిగా తెరవడం వల్ల రిబ్బన్ చిరగడమే. అందువల్ల ఈ మార్గదర్శిలో విప్పే దశకే ఎక్కువ చోటు ఇచ్చాను. పని మొదలుపెట్టే ముందు దీన్ని చివరిదాకా ఒకసారి చదవండి.

మీ దగ్గర ఉన్నది ఏ నమూనా?

వెనుక డొప్ప మీద అడుగున చిన్న అక్షరాలలో నమూనా సంఖ్య ఉంటుంది. ఐపాడ్ వీడియో అయితే అది ఎ1136. 2006 సెప్టెంబరులో వచ్చిన మెరుగుపరచిన రూపానికీ ఇదే సంఖ్య ఉంది. ముందుభాగం తెల్లగానో నల్లగానో నిగనిగలాడే ప్లాస్టిక్‌తో ఉంటుంది. 30 జీబీ పరికరం మందం సుమారు 11 మిల్లీమీటర్లు, 60, 80 జీబీల మందం సుమారు 14 మిల్లీమీటర్లు. బ్యాటరీ కొనేటప్పుడు ఈ మూడు మిల్లీమీటర్ల తేడాయే కీలకం.

ముందుభాగం అల్యూమినియంతో ఉండి, సంఖ్య ఎ1238 అయితే మీ దగ్గర ఉన్నది 2007 నుంచి 2014 వరకు అమ్మిన ఐపాడ్ క్లాసిక్. లోపలి అమరిక చాలావరకు ఇలాంటిదే కానీ, దాని రెండు సగాలూ లోహమే కావడం వల్ల విప్పడం చాలా కష్టం. పలుచటి ఉక్కు రేకులు వాడాల్సి వస్తుంది, డొప్ప అంచు వంగకుండా రావడం అరుదు. మొదటిసారి ఇలాంటి పని చేస్తున్నవారు క్లాసిక్‌తో మొదలుపెట్టకపోవడం మంచిది. ఐపాడ్ నానోలో బ్యాటరీ తీగలను లోపలి సర్క్యూట్ బోర్డుకు టంకంతో అతికించి ఉంచుతారు కాబట్టి అది పూర్తిగా వేరే పని. టంకం వేయడం చేతనైనవారికే అప్పగించండి.

లోపం బ్యాటరీదేనా?

లిథియం బ్యాటరీ వాడినా, వాడకపోయినా వయసుతో క్షీణిస్తుంది. లోపల విద్యుదావేశాలను మోసే రసాయనం (ఎలక్ట్రోలైట్) నెమ్మదిగా విచ్ఛిన్నమవుతూ ధన, రుణ పలకల (ఎలక్ట్రోడ్ల) మీద పొరలు పేరుకుంటాయి, విద్యుత్తు ప్రవాహానికి లోపలి అడ్డంకి పెరుగుతుంది, నిల్వ ఉంచుకోగల విద్యుత్తు తగ్గుతుంది. కొన్ని బ్యాటరీలలో వాయువులు పుట్టి ఉబ్బు కూడా వస్తుంది. కొత్తగా ఉన్నప్పుడు 30 జీబీ ఐపాడ్ వీడియో 14 గంటలు, 60 జీబీది 20 గంటలు పాటలు వినిపిస్తుందని ఆపిల్ ప్రకటించింది. ఇప్పుడు పావుగంట కూడా రాకపోతే బ్యాటరీని అనుమానించడం సహజమే.

అయితే ఈ ఐపాడ్‌లో పాటలు ఉండేది 1.8 అంగుళాల హార్డ్‌డిస్క్‌లో. అది తిరిగే యంత్రం. బ్యాటరీ కంటే ముందే అది చెడిపోయి ఉండవచ్చు. పాడైన డిస్క్ ఒకే సమాచారాన్ని మళ్లీ మళ్లీ చదవడానికి ప్రయత్నిస్తూ బ్యాటరీని కూడా త్వరగా ఖాళీ చేస్తుంది. కనుక ముందు ఐపాడ్‌ను కంప్యూటర్‌కు తగిలించి, చెవి దగ్గర పెట్టుకొని వినండి. సన్నని గిరగిర శబ్దం మామూలే. టక్ టక్ అని క్రమంగా కొడుతున్నా, పాటలు మధ్యలో వాటంతట అవే తర్వాతి పాటకు దూకుతున్నా డిస్క్‌ను అనుమానించాలి. మరింత నిశ్చయంగా తెలుసుకోవాలంటే మెనూ మీటనూ మధ్య మీటనూ కలిపి ఆరు నుంచి ఎనిమిది సెకన్లు నొక్కి ఉంచండి. ఆపిల్ గుర్తు కనిపించగానే ఆ రెండూ వదిలి, మధ్య మీటనూ వెనుకపాట మీటనూ కలిపి పట్టుకుంటే పరీక్షల పట్టిక తెరుచుకుంటుంది. హార్డ్‌డిస్క్ ఆరోగ్య వివరాలు అందులో చూడవచ్చు. డిస్క్ పాడైందని తేలితే బ్యాటరీ ఒక్కటే మార్చి ప్రయోజనం లేదు.

డిస్క్ బాగుంటే, విప్పే ముందే పాటలకు ఒక నకలు తీసుకోండి. ఐపాడ్‌లోకి పాటలు ఎక్కించే ఆపిల్ సాఫ్ట్‌వేర్ ఐట్యూన్స్‌లో డిస్క్ వాడకాన్ని అనుమతిస్తే ఐపాడ్ కంప్యూటర్‌లో మామూలు డ్రైవ్‌లా కనిపిస్తుంది. దాచిన ఫోల్డర్లు కనిపించేలా చేసి, ఐపాడ్ కంట్రోల్ అనే ఫోల్డరులోని మ్యూజిక్ ఫోల్డరును మొత్తంగా నకలు చేసుకోండి. అందులోని ఫైళ్లకు అర్థంలేని నాలుగక్షరాల పేర్లు ఉంటాయి, కంగారుపడకండి. పాట పేరు, గాయకుల వివరాలు ఫైలు లోపలే భద్రంగా ఉంటాయి. ఏ సంగీత సాఫ్ట్‌వేర్‌లో తెరిచినా బయటపడతాయి. అమ్మమ్మ పాడిన పాటనో, ఎక్కడా దొరకని రేడియో కార్యక్రమాన్నో ఇందులోనే దాచుకున్నవారు ఈ దశను ఎట్టి పరిస్థితిలోనూ దాటవేయవద్దు.

బ్యాటరీ కొనుగోలు

మీకు కావలసింది 3.7 వోల్టుల లిథియం పాలిమర్ బ్యాటరీ. 30 జీబీకి పలుచనిది, 60, 80 జీబీలకు మందమైనది వేర్వేరుగా అమ్ముతారు. మందమైన బ్యాటరీని పలుచని డొప్పలో పెట్టి బలవంతంగా మూస్తే అది నలిగి ప్రమాదకరంగా మారుతుంది. ప్రకటనలో అసలు దానికంటే రెండు మూడు రెట్ల సామర్థ్యం రాసి ఉంటే నమ్మకండి. అదే కొలతల బ్యాటరీలో అంత విద్యుత్తు పట్టదు. హార్డ్‌డిస్క్ తీసేసి దాని స్థానంలో మెమరీ కార్డు అడాప్టర్ పెట్టుకున్నవారికి మాత్రం లోపల ఖాళీ ఏర్పడుతుంది కాబట్టి పెద్ద బ్యాటరీలు సరిపోతాయి. అది ఇంకో మార్పు, ఇక్కడ దాని జోలికి పోవడం లేదు.

‘అసలైన కంపెనీ బ్యాటరీ, ఎన్నడూ వాడనిది’ అన్న మాటకు మురిసిపోవద్దు. దుకాణంలో పదిహేనేళ్లు పడి ఉన్న బ్యాటరీ వాడకుండానే ముసలిదైపోయి ఉంటుంది. ఈమధ్య తయారైన, తయారీ తేదీ ముద్రించిన వేరే కంపెనీ బ్యాటరీయే నయం. విమానంలో సరుకుగా విడిగా పంపే లిథియం అయాన్ బ్యాటరీలలో ఛార్జింగ్ 30 శాతం మించకూడదని 2016 నుంచి అంతర్జాతీయ నిబంధన ఉంది. కాబట్టి కొత్త బ్యాటరీ కొంత ఖాళీగా రావడం లోపం కాదు. మల్టీమీటరు (వోల్టేజీ కొలిచే పరికరం) ఉన్నవారు వోల్టేజీ చూస్తే సుమారు 3.6 నుంచి 3.9 మధ్య కనిపించాలి. మూడు వోల్టులకు దిగువన ఉన్నదాన్ని అమర్చకుండా వెనక్కి పంపడం మేలు. హైదరాబాదులో ఉన్నవారు కోఠీలోని గుజరాతీ గల్లీలోనో, అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌లోనో పనిముట్లు తేలిగ్గా సమకూర్చుకోవచ్చు. బ్యాటరీ కోసం మాత్రం ఆన్‌లైన్ మీద ఆధారపడాల్సి రావచ్చు.

పనిముట్లు, పని చేసే చోటు

ప్లాస్టిక్‌తో చేసిన విప్పుడు పనిముట్లు రెండు, గిటారు వాయించే పలుచని పిక్‌లు రెండు మూడు, మొన మొద్దుగా ఉన్న ప్లాస్టిక్ పుల్ల ఒకటి, చదునైన మొన ఉన్న చిమటా, కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్, రెండువైపులా అంటుకునే పలుచని టేపు ఉంటే చాలు. చాకు, బ్లేడు, లోహపు స్క్రూడ్రైవర్ దగ్గర పెట్టుకోకండి. చేతికి అందుబాటులో ఉంటే విసుగు వచ్చినప్పుడు చెయ్యి వాటి మీదకే వెళుతుంది. అవి రిబ్బన్‌ను కోస్తాయి, బ్యాటరీని గుచ్చుతాయి.

పగటి వెలుతురు పడే బల్ల మీద లేతరంగు నూలు గుడ్డ పరచండి. ఫ్యాను ఆపండి. పని మొదలుపెట్టే ముందు నీళ్ల కుళాయి లాంటి లోహపు వస్తువును ముట్టుకుంటే ఒంట్లోని స్థిర విద్యుత్తు పోతుంది. పక్కన ఒక లోహపు డబ్బాలో పొడి ఇసుక ఉంచుకోండి. బ్యాటరీ పొరపాటున గుచ్చుకొని వేడెక్కినా, తీపి వాసన వచ్చినా, పొగ వచ్చినా దాన్ని ఇసుకలో పడేసి ఆరుబయట పెట్టేయాలి. ఆ పొగ విషపూరితం, పీల్చకూడదు.

డొప్ప విప్పడం

ముందు ఐపాడ్‌ను ఛార్జింగ్ అయిపోయేదాకా వాడేయండి. ఖాళీ బ్యాటరీతో ప్రమాదం తక్కువ. తర్వాత పైభాగాన ఉన్న హోల్డ్ మీటను నారింజరంగు కనిపించే వైపుకు జరపండి. పని మధ్యలో పరికరం తనంతట తాను వెలగకుండా ఇది కాపాడుతుంది.

ప్లాస్టిక్ ముందుభాగమూ లోహపు డొప్పా కలిసే చోట చుట్టూ సన్నని సందు ఉంటుంది. ఐపాడ్‌ను పక్కకు నిలబెట్టి, పనిముట్టు అంచును లోహపు డొప్ప వైపు కాస్త వాలుగా ఉంచి, పొడుగు వైపు సందులోకి నొక్కండి. డొప్ప లోపలి అంచున ఉన్న చిన్న కొక్కేలు ముందుభాగాన్ని పట్టుకొని ఉంటాయి. పనిముట్టు దిగితే ఒక్కో కొక్కెం టిక్కుమని వదులుతుంది. మొదటి కొక్కెం ఊడటమే అన్నిటికంటే కష్టం. పనిముట్టు దిగకపోతే ఎక్కువ బలం పెట్టకుండా, కొద్ది దూరం జరిపి ఇంకో చోట ప్రయత్నించండి. పనిముట్టును లోపలికి రెండు మూడు మిల్లీమీటర్లకు మించి పోనివ్వవద్దు, ఎందుకంటే ఆ వెంటనే లోపల బోర్డూ రిబ్బన్లూ ఉంటాయి.

ఒకచోట తెరుచుకోగానే అక్కడ ఒక గిటారు పిక్ దూర్చి వదిలేయండి. లేకపోతే మీరు ముందుకు వెళ్లేలోపు వెనుక కొక్కేలు మళ్లీ పట్టుకుంటాయి. అలా ఆ వైపు పొడవునా జరుపుతూ వెళ్లి, మూల తిరిగి, రెండో వైపుకు రండి. పైభాగంలో హోల్డ్ మీట, హెడ్‌ఫోన్ రంధ్రం ఉన్న అంచునూ, అడుగున ఛార్జింగ్ తీగ తగిలించే అంచునూ పనిముట్టుతో తవ్వకండి. రెండు పక్కలూ వదిలితే ఆ అంచులు వాటంతట అవే వస్తాయి.

అన్ని కొక్కేలూ ఊడిన తర్వాత డొప్ప వదులై కదులుతుంది. ఇక్కడ ఆగండి. చేతులు తీసి, ఊపిరి తీసుకొని, ఐపాడ్‌ను తెర కిందికి ఉండేలా గుడ్డ మీద పెట్టండి. డొప్పకూ ముందుభాగానికీ మధ్య రెండు బంధాలు ఇంకా ఉన్నాయి: ఒకటి బ్యాటరీ నుంచి బోర్డుకు వెళ్లే రిబ్బన్, రెండోది హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి బోర్డుకు వెళ్లే రిబ్బన్. రెండూ పొట్టివి. డొప్పను ఒక వేలి మందం పైకెత్తి, సందులోంచి వెలుతురు పడేలా చూస్తూ అవి ఎక్కడున్నాయో కళ్లారా చూసుకున్నాకే ముందుకు వెళ్లాలి.

రెండు రిబ్బన్లు

మొదట బ్యాటరీ రిబ్బన్. అది బోర్డు మీద గోధుమరంగు పట్టీ ఉన్న చిన్న కనెక్టరులో దిగి ఉంటుంది. ప్లాస్టిక్ పుల్ల మొనతో ఆ పట్టీని రెండు చివర్లా సమానంగా, సుమారు రెండు మిల్లీమీటర్లు పైకి లేపండి. అది పూర్తిగా ఊడి రావలసినది కాదు. పట్టు వదిలేంత లేస్తే చాలు. ఒకే వైపు బలం పెడితే పట్టీ విరుగుతుంది, విరిగితే ఆ కనెక్టరును మార్చడం ఇంట్లో అయ్యే పని కాదు. పట్టీ లేచాక రిబ్బన్‌ను వేళ్లతోనో చిమటాతోనో మెల్లగా బయటికి జరపండి. పట్టు వదిలిన రిబ్బన్ సులువుగా జారి వస్తుంది. రాకపోతే పట్టీ ఇంకా పూర్తిగా లేవలేదని అర్థం, లాగవద్దు.

ఇప్పుడు డొప్పను ముందుభాగం పక్కనే బల్ల మీద పరవండి. రెండింటినీ హెడ్‌ఫోన్ రిబ్బన్ ఒక్కటే కలుపుతూ ఉంటుంది. దాన్ని తీయకుండానే బ్యాటరీ మార్చవచ్చు, కొందరు అలాగే చేస్తారు. తీయమనే నా సలహా. పాత బ్యాటరీ జిగురుతో గట్టిగా అతుక్కొని ఉంటుంది. దాన్ని పెకిలించేటప్పుడు డొప్ప అటూ ఇటూ జరగక మానదు, ఆ జరగడంలోనే ఈ రిబ్బన్ చిరుగుతుంది. దాని కనెక్టరు హార్డ్‌డిస్క్ అంచు కింద ఉంటుంది. ఒక చేత్తో హార్డ్‌డిస్క్‌ను, దాని రిబ్బన్ సాగకుండా, కాస్త పైకెత్తి పట్టుకుంటే నల్లని రెక్క ఉన్న కనెక్టరు కనిపిస్తుంది. గోరుతో ఆ రెక్కను తలుపు తీసినట్టు పైకి తిప్పండి. రిబ్బన్ జారి వస్తుంది. గోధుమరంగు పట్టీ నిలువుగా పైకి లేచేది, నల్ల రెక్క తిరిగేది. ఈ తేడా గుర్తుంటే రెండింటినీ విరగకుండా కాపాడుకోవచ్చు.

రిబ్బన్లు తీసే ముందు ఫోనుతో దగ్గరగా ఫొటోలు తీసుకోండి. మళ్లీ అమర్చేటప్పుడు ఏ రిబ్బన్ ఏ వైపు నుంచి మడిచి ఉందో జ్ఞాపకం మీద ఆధారపడనక్కర్లేదు.

పాత బ్యాటరీ తీయడం

బ్యాటరీ డొప్పకు అతికి ఉంటుంది. హెడ్‌ఫోన్ రిబ్బన్ బ్యాటరీకి ఎక్కడైనా అంటుకొని ఉంటే ముందు దాన్ని మెల్లగా ఒలిచి పక్కకు తీయండి. తర్వాత బ్యాటరీ అంచు కింద రెండు మూడు చుక్కల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి రెండు నిమిషాలు ఆగితే జిగురు మెత్తబడుతుంది. ప్లాస్టిక్ పనిముట్టును చదునుగా, డొప్పకు ఆనించి, బ్యాటరీ కిందికి జరపండి. బ్యాటరీని ఒక మూల పట్టి వంచుతూ పైకి లేపడం తప్పు. వంగితే లోపలి పొరలు ఒకదానికొకటి తాకి వేడెక్కవచ్చు. గట్టిగా అంటుకుంటే పళ్లు శుభ్రం చేసుకునే మైనపు దారాన్ని కింద నుంచి రంపంలా ఆడించండి. హెయిర్ డ్రయర్‌తో వేడి చేయడం ఫోన్ మరమ్మతుల్లో మామూలేగానీ, ఇక్కడ దాని అవసరం లేదు.

బ్యాటరీ ఉబ్బి ఉంటే అది డొప్పను లోపల నుంచి నెడుతూ ఉంటుంది, విప్పేటప్పుడే తెలిసిపోతుంది. అప్పుడు పనిముట్టు మొన ఏ క్షణంలోనూ బ్యాటరీ వైపు ఉండకూడదు. ఉబ్బును తగ్గించడానికి నొక్కడం, సూదితో గుచ్చడం ప్రాణాంతకం. ధైర్యం చాలకపోతే ఇక్కడే ఆపి, అనుభవమున్న మరమ్మతుదారుకు ఇవ్వండి.

కొత్తది అమర్చడం

డొప్ప మీద మిగిలిన జిగురును ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. పాత బ్యాటరీనీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి పొడవు, మందం, రిబ్బన్ ఏ మూల నుంచి వస్తోంది, ఎటు మడిచి ఉంది అన్నవి పోల్చి చూడండి. తేడా ఉంటే అమర్చకండి.

కొత్త బ్యాటరీని వెంటనే అతికించకుండా, దాని స్థానంలో ఊరికే పెట్టి ముందు రిబ్బన్లు కలపండి. మొదట హెడ్‌ఫోన్ రిబ్బన్‌ను కనెక్టరులోకి చివరిదాకా తిన్నగా దూర్చి నల్ల రెక్క మూయండి. తర్వాత బ్యాటరీ రిబ్బన్‌ను గోధుమరంగు పట్టీ కిందికి పూర్తిగా దింపి, పట్టీని రెండు చివర్లా సమానంగా నొక్కండి. రిబ్బన్ కాస్త వంకరగా దిగినా బంధం కుదరదు.

మూయడానికి ముందే హోల్డ్ మీటను వదిలి, మెనూ, మధ్య మీటలు కలిపి నొక్కి ఐపాడ్‌ను వెలిగించి చూడండి. వెలగకపోతే అయిదు నిమిషాలు కంప్యూటరుకు తగిలించి మళ్లీ ప్రయత్నించండి. వెలిగాక హెడ్‌ఫోన్ పెట్టి రెండు చెవుల్లోనూ పాట వస్తోందో లేదో, హోల్డ్ మీట పనిచేస్తోందో లేదో పరీక్షించండి. హెడ్‌ఫోన్ రంధ్రమూ హోల్డ్ మీటా ఒకే రిబ్బన్ మీద ఉన్నాయి కనుక రెండూ ఒకేసారి పనిచేయకపోతే ఆ రిబ్బన్ సరిగా దిగలేదన్నమాట. అసలు వెలగనే వెలగకపోతే ముందు బ్యాటరీ రిబ్బన్‌ను తీసి మళ్లీ పెట్టండి. హార్డ్‌డిస్క్‌కు సంబంధించిన హెచ్చరిక తెర మీద వస్తే, డిస్క్‌ను ఎత్తినప్పుడు దాని రిబ్బన్ కదిలి ఉంటుంది, దాన్ని సరిచూడండి.

అంతా సవ్యంగా ఉందని తేలాక ఐపాడ్‌ను ఆపి, హోల్డ్ మీటను మళ్లీ వేసి, బ్యాటరీని పలుచని టేపుతో అతికించండి. రిబ్బన్లు బ్యాటరీకీ డిస్క్‌కూ మధ్య నలగకుండా మునుపటి మడతలోనే సర్దండి. డొప్పను పైభాగం నుంచి ఆనించి, హోల్డ్ మీట, హెడ్‌ఫోన్ రంధ్రం వాటి స్థానాల్లో కూర్చున్నాయని చూసి, పక్కల మీద వేళ్లతో నొక్కుతూ కిందికి రండి. కొక్కేలు టిక్కుటిక్కుమంటూ పట్టుకోవాలి. ఎక్కడైనా డొప్ప లేచి ఉంటే అరచేత్తో అదమకండి. లోపల ఏదో అడ్డుపడుతోంది, మళ్లీ తెరిచి చూడాల్సిందే.

మొదటిసారి పూర్తిగా ఛార్జింగ్ చేయండి. సుమారు నాలుగు గంటలు పడుతుంది. ఆ సేపు పరికరాన్ని కంటి ముందే ఉంచుకోండి, దిండు మీదో పరుపు మీదో పెట్టవద్దు. గోరువెచ్చన సహజం, చేతికి చురుక్కుమనేంత వేడి సహజం కాదు. ఛార్జింగ్ గుర్తు మొదట్లో తప్పుగా చూపించవచ్చు. ఒకసారి పూర్తిగా నింపి, ఆగిపోయేదాకా పాటలు విని, మళ్లీ నింపితే లెక్క కుదురుకుంటుంది.

పాత బ్యాటరీ రిబ్బన్ చివరన ఉన్న లోహపు భాగాలను టేపుతో కప్పి, విడి డబ్బాలో పెట్టి ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి ఇవ్వండి. వాడేసిన బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్ చేయించే బాధ్యతను 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు తయారీదారుల మీద పెట్టాయి. ఇంటి చెత్తలో వేస్తే చెత్త లారీలో నలిగి నిప్పు పుట్టవచ్చు, ఆ లారీ మీద పనిచేసేవారికి అది ముప్పు.

ఇకముందు ఐపాడ్‌ను కొన్నాళ్లు వాడకుండా పెట్టాల్సి వస్తే పూర్తిగా నింపీ, పూర్తిగా ఖాళీ చేసీ పెట్టకండి. సగం ఛార్జింగ్‌తో ఉంచి, మూడు నాలుగు నెలలకు ఒకసారి తీసి కాసేపు ఛార్జింగ్ చేస్తూ ఉండండి. లిథియం బ్యాటరీకి వేడే పెద్ద శత్రువు. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల వేసవిలో ఎండలో నిలిపిన కారులో దీన్ని వదిలేయడం కొత్త బ్యాటరీ ఆయుష్షును చేజేతులా తగ్గించుకోవడమే.